ఏడు తరాలు (నవల)

ఏడు తరాలు అనేది అమెరికా రచయిత అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన "రూట్స్" అనే ఆంగ్ల నవలకు తెలుగు అనువాదం. సహవాసి అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన జంపాల ఉమామహేశ్వరరావు దీనిని సంక్షిప్తీకరించి తెలుగులోకి తెచ్చాడు. హైదరాబాదు బుక్ ట్రస్టు దీనిని ప్రచురించింది. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశం నుండి 1767లో అపహరింపబడి, అమెరికాలో బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే అనే యువకుని కథ, అతని సంతతి కథ ఇందులోని ఇతివృత్తం. అమెరికాలో నల్లజాతివారికి జరిగిన అన్యాయాన్ని, ఆ అన్యాయంలోనూ వారు నిలుపుకొన్న మానవ గౌరవాన్ని సామాన్య తెలుగు పాఠకునికి పరిచయం చేసిన గ్రంథాలలో ఇది ముఖ్యమైనది. పలుమార్లు పునర్ముద్రణ పొందింది. తెలుగు నేలపై వెట్టి, అంటరానితనం గురించిన ఆలోచనతో ముడిపెట్టి దీనిని చదివినవారు అనేకులు.

పేరు వెనుక అర్థం

ఆంగ్ల మూలానికి పెట్టిన పేరుకు "వేళ్ళు" అని అర్థం. తెలుగులో ఆ మాటను యథాతథంగా అనువదించక, "ఏడు తరాలు" అని పేరు పెట్టారు. మన వాడుకలో "ఏడు తరాలు" అనగానే వంశం, వారసత్వం గుర్తుకు వస్తాయి. పెళ్ళి సంబంధం చూసేటపుడు "అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు" చూడాలనే మాట పెద్దల నోట వినబడుతుంది. కథలోని తరాలు కూడా లెక్కకు సరిగ్గా ఏడే కావడం వలన ఈ పేరు చక్కగా అమరింది. ఆ ఏడు తరాలు ఇవి:

1. కుంటా కింటే - ఆఫ్రికా నుండి తేబడినవాడు
2. కిజ్జీ - కుంటా కింటే కుమార్తె
3. జార్జి - కిజ్జీ కుమారుడు, కోడిపందేల జార్జిగా పేరుపడ్డవాడు
4. టామ్ - జార్జి కుమారుడు, కమ్మరి
5. సింథియా - టామ్ కుమార్తె
6. బెర్తా - సింథియా కుమార్తె
7. అలెక్స్ హేలీ - బెర్తా కుమారుడు, గ్రంథకర్త

రచయిత

అలెక్స్ హేలీ 1921 ఆగస్టు 11న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకాలో జన్మించాడు. బాల్యంలో కొంతకాలం టెనెస్సీ రాష్ట్రంలోని హెన్నింగ్ అనే చిన్న పట్టణంలో అమ్మమ్మ ఇంట పెరిగాడు. సాయంకాలాలు వసారాలో కూర్చుని అమ్మమ్మ, ఆమె తోటి బంధువులు చెప్పుకొనే పాత కథలలో "ఆఫ్రికావాడు" అనే పూర్వీకుడు ఒకడు తరచు వచ్చేవాడు. అతడు గిటారు వంటి వాద్యాన్ని "కో" అనేవాడనీ, నదిని "కాంబీ బొలోంగో" అనేవాడనీ వారు చెప్పుకొనేవారు. ఆ రెండు మూడు మాటలే పిమ్మట హేలీ అన్వేషణకు ఆధారమైనవి.

హేలీ 1939లో అమెరికా తీరరక్షక దళంలో చేరి ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఓడలలో వంటశాల సేవకునిగా ఉద్యోగం ప్రారంభించి, తీరిక వేళల్లో రచన అభ్యసించాడు. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆత్మకథను ఆయన చెప్పగా హేలీ అక్షరబద్ధం చేశాడు. ఆ గ్రంథం 1965లో వెలువడింది. తరువాత దాదాపు పన్నెండేళ్ళ పరిశోధన, రచనల ఫలితంగా 1976లో "రూట్స్" వెలువడింది. 1977లో ఈ గ్రంథానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది. హేలీ 1992 ఫిబ్రవరి 10న సియాటిల్ నగరంలో మరణించాడు.

చారిత్రక నేపథ్యం

ఈ నవలను అర్థం చేసుకొనుటకు అమెరికాలోని బానిసత్వం గురించి కొంత తెలియడం అవసరం. బ్రిటిషు వలసగా ఉన్న వర్జీనియాకు 1619లో ఆఫ్రికన్ బందీలు తొలిసారిగా తేబడ్డారు. ఆ తరువాత రెండున్నర శతాబ్దాలు ఈ వ్యవస్థ కొనసాగింది. పదహారవ శతాబ్దం నుండి పంతొమ్మిదవ శతాబ్దం వరకు అట్లాంటిక్ సముద్రం మీదుగా సుమారు 1 కోటి 25 లక్షల మంది ఆఫ్రికన్లను ఓడలకెక్కించినట్లు చరిత్రకారుల అంచనా. వారిలో సుమారు 1 కోటి 7 లక్షల మంది మాత్రమే ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. అత్యధికులు బ్రెజిల్, కరీబియన్ దీవులకు పోగా, ఉత్తర అమెరికాకు నేరుగా తేబడినవారు 4 లక్షలకు లోపు. అయినా 1860 నాటి జనాభా లెక్కలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలకు చేరింది.

ఈ పెరుగుదలకు ఒక చట్టం కారణం. వర్జీనియా వలస 1662లో చేసిన శాసనం ప్రకారం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుంది. తల్లి బానిస అయితే, తండ్రి ఎవరైనప్పటికీ బిడ్డ కూడా బానిసయే. యజమాని తన బానిస స్త్రీని బలాత్కరించి కన్న బిడ్డ కూడా అతని ఆస్తిలో భాగమయ్యేది. నవలలో జార్జి పుట్టుక ఈ విధంగానే జరుగుతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో దక్షిణాది రాష్ట్రాలు అనేకం బానిసలకు చదువు నేర్పుటను నేరంగా పరిగణించాయి. అంతర్యుద్ధం (1861-1865) ముగిసిన తరువాత, 1865లో పదమూడవ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. కాని వేరు బడులు, వేరు బండ్లు, వేరు కుళాయిలు అనే వివక్ష దక్షిణాదిలో 1964 నాటి పౌరహక్కుల చట్టం వరకు చట్టబద్ధంగానే కొనసాగింది.

కథా సంగ్రహం

మూల గ్రంథంలో 120 అధ్యాయాలు ఉన్నాయి. కథ 1750లో గాంబియా నదీ తీరాన జుఫూరే అనే పల్లెలో మొదలవుతుంది. ఒమొరో, బింటా దంపతులకు తొలిచూలు కుమారుడు పుడతాడు. ఎనిమిదవ రోజున తండ్రి బిడ్డ చెవిలో "కుంటా" అనే పేరును మూడుసార్లు ఊదుతాడు. ఎవరి పేరు వారే ముందుగా వినాలని మాండింకా తెగవారి ఆచారం. మేకలు కాయడం, చదువు, యుక్తవయసులో ప్రవేశించే వేళ జరిగే శిక్షణ మొదలైన వాటితో కుంటా బాల్యం సాగుతుంది. గ్రంథంలో సుమారు నాలుగవ వంతు ఈ పల్లె జీవితానికే కేటాయించబడింది. బానిసగా మారకముందు అతడొక కుటుంబానికి, ఒక భాషకు, ఒక మతానికి చెందిన సంపూర్ణ మానవుడని చూపడమే దీని ప్రయోజనం.

మద్దెల చేసుకొనుటకు కలప కోసం అడవికి వెళ్ళిన కుంటాను బానిసల వేటగాళ్ళు పట్టుకొంటారు. లార్డ్ లిగోనియర్ అనే ఓడలో, అడుగుభాగపు చీకటిలో, గొలుసులతో బంధింపబడి అతడు సముద్రం దాటుతాడు. 140 మంది బందీలతో బయలుదేరిన ఆ ఓడ 1767 సెప్టెంబరు 29న మేరీలాండ్‌లోని అన్నాపొలిస్ రేవుకు చేరేసరికి 98 మంది మిగిలారు. ఆ సంఖ్యలను హేలీ పాత ఓడల పత్రాల నుండి సేకరించాడు.

వర్జీనియాలో జాన్ వాలర్ అనే భూస్వామి కుంటాను కొని "టోబీ" అని పేరు పెడతాడు. కుంటా ఆ పేరును అంగీకరించడు. నాలుగుసార్లు పారిపోతాడు. నాలుగవసారి పట్టుబడినపుడు వేటగాళ్ళు అతని పాదాన్ని గొడ్డలితో నరుకుతారు. జాన్ తమ్ముడైన వైద్యుడు విలియం వాలర్ అతనిని తీసుకొని తోటపనికి, తరువాత బగ్గీ తోలుటకు నియమిస్తాడు. వంటమనిషి బెల్‌ను కుంటా వివాహమాడతాడు. వారి కుమార్తె కిజ్జీ. ప్రతి అమావాస్య తరువాత నెలవంక కనబడగానే ఒక గులకరాయిని సొరకాయ బుర్రలో వేసి కుంటా తన వయసును లెక్కపెట్టుకొంటాడు. కుమార్తెకు తన భాషలోని మాటలు నేర్పుతాడు.

కిజ్జీకి యజమాని బంధువుల అమ్మాయి ఆటగా చదువు నేర్పుతుంది. ఆ చదువుతో కిజ్జీ తాను ప్రేమించిన నోవా అనే యువకునికి దొంగ అనుమతి పత్రం వ్రాసి ఇస్తుంది. అది బయటపడగానే పదహారేళ్ళ కిజ్జీని యజమాని అమ్మివేస్తాడు. బండి కదిలిపోయిన తరువాత, కుమార్తె పాదముద్ర పడిన మట్టిని కుంటా దోసిట పట్టుకొంటాడు. ఆ మట్టిని దాచితే వెళ్ళినవారు తిరిగివస్తారని జుఫూరేలో నమ్మకం. గదిలోకి వచ్చి, ఇన్నేళ్ళు రాళ్ళు పోగుచేసిన బుర్రను పగులగొడతాడు. అటుపిమ్మట కుంటా గాని బెల్ గాని కథలో మరల కనబడరు. అమ్ముడుపోయిన వారికి తమవారి కబురు తెలియదు. పాఠకునికి కూడా తెలియదు.

కిజ్జీని కొన్న టామ్ లీ ఆమెను బలాత్కరిస్తాడు. ఆమెకు కలిగిన కుమారుడు జార్జి కోడిపుంజులకు శిక్షణ ఇవ్వడంలో ఆరితేరి, యజమాని కోసం పందేలు గెలుస్తాడు. మటిల్డాను వివాహమాడి సంతానవంతుడవుతాడు. యజమాని పందెంలో ఓడి, జార్జిని ఇంగ్లండుకు పంపి, అతని కుటుంబాన్ని అమ్మివేస్తాడు. తిరిగి వచ్చి స్వేచ్ఛాపత్రం పొందినా, విముక్తుడైన నల్లవాడు ఆ రాష్ట్రంలో ఎక్కువ కాలం నిలువరాదనే నియమం వలన భార్యాబిడ్డలను వదలి వెళ్ళవలసి వస్తుంది. జార్జి కుమారుడు టామ్ కమ్మరి. అంతర్యుద్ధం తరువాత కుటుంబమంతా బండ్లు కట్టుకొని టెనెస్సీలోని హెన్నింగ్‌కు తరలిపోతుంది. అక్కడి తెల్లవారు టామ్ సొంత కొలిమి పెట్టుకొనుటకు ఒప్పుకోరు. అతడు కొలిమిని బండిపై అమర్చుకొని ఊరూరా తిరిగి పనిచేస్తాడు. టామ్ కుమార్తె సింథియా, ఆమె కుమార్తె బెర్తా, ఆమె కుమారుడు అలెక్స్‌తో కథ గ్రంథకర్త వద్దకు చేరుతుంది.

ప్రధానాంశాలు

పేరు: నవలలో గౌరవానికి తొలి చిహ్నం పేరు. తండ్రి చెవిలో చెప్పిన పేరు ఒకటి, కొన్నవాడు పెట్టిన పేరు మరొకటి. మనిషిని ఆస్తిగా మార్చడం పేరు మార్పుతోనే మొదలవుతుందని కథ చూపుతుంది. మన ఇళ్ళలో కూడా నామకరణం నాడు తండ్రి బియ్యంలో పేరు వ్రాసి, బిడ్డ చెవిలో చెప్పే ఆచారం ఉన్నందున ఈ ఘట్టం తెలుగు పాఠకునికి పరాయిగా తోచదు.

మాట: కుటుంబానికి ఆస్తి లేదు, పత్రాలు లేవు. ప్రతి తరంలోను కొత్తగా బిడ్డ పుట్టినపుడు "ఆఫ్రికావాని" కథను అందరూ కూర్చుని చెప్పుకోవడం ఒక్కటే ఆచారంగా నిలిచింది. అమ్మకం, పలాయనం, మరణం మధ్య తెగిపోకుండా వచ్చిన వారసత్వం అదే.

అక్షరం: కిజ్జీని అమ్మడానికి కారణం ఆమె నేర్చిన అక్షరం. అదే అక్షరంతో ఆమె వంశంలోని ఏడవ తరంవాడు ఈ గ్రంథాన్ని వ్రాశాడు. బానిసలకు చదువును ఎందుకు నిషేధించారో దీని వలన తేటపడుతుంది. చదివినవాడు అనుమతి పత్రం వ్రాసుకోగలడు, పత్రిక చదవగలడు, తన కథను తానే చెప్పుకోగలడు.

ప్రామాణికతపై వివాదం

హేలీ ఈ గ్రంథాన్ని వాస్తవము, కల్పన కలిసిన రచనగా పేర్కొన్నాడు. ముఖ్య సంఘటనలు వాస్తవమనీ, సంభాషణలు తన ఊహ అనీ చెప్పాడు. కాని తరువాత రెండు విధాలైన విమర్శలు వచ్చినవి.

మొదటిది గ్రంథచౌర్యం. హెరాల్డ్ కోర్లాండర్ 1967లో వ్రాసిన "ది ఆఫ్రికన్" నవల నుండి కొన్ని భాగాలు హేలీ గ్రంథంలో చేరినవని దావా నడిచింది. 1978లో హేలీ 6 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడ్డాడు. ఆ భాగాలు చేరడం పట్ల విచారం వెలిబుచ్చాడు.

రెండవది వంశవృక్షం. గాంబియాలో కుంటా కింటే వృత్తాంతాన్ని హేలీకి వినిపించిన వృద్ధుడు పరంపరాగతుడైన వంశచరిత్ర గాయకుడు కాడని 1977లో ఒక బ్రిటిషు పాత్రికేయుడు వ్రాశాడు. వాలర్ల వద్ద టోబీ అనే బానిస 1767కు ముందే ఉన్నట్లు వర్జీనియా పత్రాలలో కనబడుతున్నదని వంశచరిత్ర పరిశోధకులు 1980లలో చూపారు. అందువలన ఈ గ్రంథాన్ని ఒక కుటుంబపు నిర్ధారిత చరిత్రగా కాక, చారిత్రక నవలగా చదవడం సమంజసం. బానిసల వ్యాపారం, ఓడలలోని స్థితి, అమ్మకాలు, చదువుపై నిషేధం మొదలైన వాటికి వేరే చారిత్రక ఆధారాలు విస్తారంగా ఉన్నాయి. కావున వంశవృక్షంపై సందేహం ఆ చరిత్రపై సందేహం కాజాలదు. పేరు గాని ఊరు గాని పత్రాలలో నమోదు కాని వారి వంశాన్ని వెదకడం ఎంత కష్టమో కూడా ఈ వివాదం తెలుపుతుంది.

అమెరికా సాహిత్యంలో స్థానం

"రూట్స్" ఒక సుదీర్ఘ సంప్రదాయంలో భాగం. బానిసత్వం నుండి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవితకథను ప్రచురించాడు. హేరియట్ జేకబ్స్ 1861లో స్త్రీ బానిస అనుభవాన్ని గ్రంథస్థం చేసింది. శ్వేతజాతి రచయిత్రి హేరియట్ బీచర్ స్టో 1852లో వెలువరించిన "అంకుల్ టామ్స్ కాబిన్" బానిసత్వ వ్యతిరేకతకు బలం చేకూర్చింది. అయితే అందులోని సహనశీలియైన టామ్ పాత్ర అణకువకు మారుపేరుగా మారిందని తరువాతి నల్లజాతి రచయితలు విమర్శించారు. డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ (1903), రిచర్డ్ రైట్ (1940), రాల్ఫ్ ఎలిసన్ (1952) తమ రచనలలో స్వేచ్ఛ లభించిన తరువాత కూడా మిగిలిన అవమానాన్ని చిత్రించారు. ఆలిస్ వాకర్ "ది కలర్ పర్పుల్" 1982లో, టోనీ మారిసన్ "బిలవ్డ్" 1987లో వెలువడ్డాయి. మారిసన్‌కు 1993లో సాహిత్యంలో నోబెల్ బహుమతి లభించింది.

శిల్పపరంగా మారిసన్, ఎలిసన్‌ల రచనలను విమర్శకులు మరింత ఉన్నతంగా పరిగణిస్తారు. కాని సామాన్య జనంలోకి చొచ్చుకుపోవడంలో "రూట్స్"కు సాటి లేదు. 1977 జనవరిలో ఎనిమిది రాత్రులు వరుసగా ప్రసారమైన టెలివిజన్ ధారావాహికను సుమారు 13 కోట్ల మంది కొంతైనా చూశారని అంచనా. దాని తరువాత నల్లజాతివారే కాక, ఇతరులు కూడా తమ వంశచరిత్రను వెదకుకొనే అలవాటు అమెరికాలో బాగా పెరిగింది. 2016లో ఈ కథను మరల ధారావాహికగా నిర్మించారు.

తెలుగు అనువాదం

హైదరాబాదు బుక్ ట్రస్టు 1980లో ఏర్పడింది. సామాజిక స్పృహ గల పుస్తకాలను తక్కువ ధరకు తెలుగులో అందించడం దాని ఆశయం. సి. కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి దాని స్థాపకులలో ముఖ్యులు. "ఏడు తరాలు" ఆ సంస్థ తొలినాటి ప్రచురణలలో ఒకటి, విశేషంగా ఆదరణ పొందినది. సహవాసి మూలాన్ని మాటకు మాటగా అనువదించక, కథాక్రమం చెడకుండా కుదించి, నడక గల వాడుక భాషలో చెప్పాడు. ఆంగ్ల నవల చదివే అవకాశం లేని గ్రామీణ విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్మికులు దీనిని చదవగలగడానికి ఈ పద్ధతి తోడ్పడింది.

ఉన్నత విద్యారంగంలో హైదరాబాదుకు అమెరికా సాహిత్యంతో అప్పటికే సంబంధం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1964లో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం ఏర్పడింది. దాని గ్రంథాలయానికి దేశం నలుమూలల నుండి పరిశోధకులు వచ్చేవారు. కాని ఆ చదువు ఆంగ్లంలోనే సాగింది. కుంటా కింటే కథ తెలుగు పల్లెకు చేరింది మాత్రం అనువాదం ద్వారానే.

తెలుగు నేలపై పోలికలు

"రూట్స్" వెలువడిన 1976వ సంవత్సరంలోనే భారత పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ఆమోదించింది. అప్పటికి రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని, 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించి పాతికేళ్ళు దాటింది. నిజాం పాలనలోని తెలంగాణలో "భగేలా" పేరుతో అప్పు కింద తరతరాలు జీతానికి ఉండే పద్ధతి సాగింది. దానిని నియంత్రించడానికి హైదరాబాదు ప్రభుత్వం 1936లో ఒక శాసనం చేసినా, అది కాగితం మీదనే ఎక్కువగా మిగిలింది. తండ్రి తీసుకొన్న కొద్దిపాటి అప్పుకు కొడుకు, మనుమడు జీతగాళ్ళుగా ఉండటం పల్లెలలో సాధారణం. "నీ బాంచన్, కాల్మొక్త" అనే మాట ఆ కాలపు అవశేషమే.

1980లలో రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వెట్టి కూలీల విముక్తికి, భూమి హక్కులకు ఉద్యమం నడిచింది. బుక్ ట్రస్టుకు చెందిన గీతా రామస్వామి అందులో పాల్గొని, ఆ అనుభవాలను 2022లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించింది. నగరానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట కూడా 1978 నుండి 2016 వరకు అదే రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడింది. అనగా పుస్తకం అచ్చయిన నగరానికి బస్సు ప్రయాణమంత దూరంలోనే, పుస్తకంలో చెప్పిన స్థితిని పోలిన స్థితి సజీవంగా ఉండేది.

పేరు విషయంలో పోలిక మరింత స్పష్టం. తల్లిదండ్రులు మల్లయ్య, ఎల్లయ్య అని పెట్టుకొన్న పేర్లు దొర నోట "మల్లిగా", "ఎల్లిగా" అయ్యేవి. వయసులో చిన్నవాడైన దొర కొడుకు కూడా ముసలి జీతగానిని అలాగే పిలిచేవాడు. ఇక్కడ కొత్త పేరు పెట్టలేదు, ఉన్న పేరునుండే గౌరవాన్ని తొలగించారు.

మాటగా వచ్చిన వంశచరిత్రకు కూడా తెలుగునాట సాటి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో వంశచరిత్రలను కంఠస్థం చేసి పాడే గాయకులను "గ్రియో"లు అంటారు. తెలంగాణలో మాదిగలను ఆశ్రయించి జీవించే డక్కలివారు కిన్నెర మీటుతూ, పటం చూపుతూ జాంబపురాణం చెబుతారు. మాదిగల పుట్టుకను, ప్రాచీనతను అది గానం చేస్తుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య ఈ కులానికి చెందినవాడు. ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. రాజుల శాసనాలలో చోటు దొరకని వారు తమ చరిత్రను పాటలో భద్రపరచుకొన్నారనుటకు ఈ రెండు సంప్రదాయాలు నిదర్శనాలు.

తెలుగు దళిత సాహిత్యంతో సంబంధం

అమెరికా నల్లజాతి పోరాటంతో పోలిక భారతదేశంలో పాతదే. జ్యోతిరావు ఫూలే 1873లో వెలువరించిన "గులాంగిరీ" గ్రంథాన్ని, బానిసత్వ నిర్మూలనకు పాటుబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. డా. బి. ఆర్. అంబేద్కర్ 1946లో డుబాయిస్‌కు లేఖ వ్రాసి, అంటరానివారి స్థితికి నీగ్రోల స్థితికి గల సామ్యాన్ని పేర్కొన్నాడు. ("నీగ్రో" అనే మాట ఆ కాలపు వాడుక. నేడు "నల్లజాతివారు", "ఆఫ్రికన్ అమెరికన్లు" అనుట మర్యాద.) 1972లో ముంబైలో ఏర్పడిన దళిత పాంథర్స్ తమ పేరును అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ నుండి గ్రహించింది.

తెలుగులో అంతకు చాలా ముందే సొంత గొంతులు వినబడినవి. గుర్రం జాషువా (1895-1971) "గబ్బిలం" కావ్యం 1941లో వెలువడింది. గుడిలోకి ప్రవేశం లేని నిరుపేద, గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడే గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి తన మొర పంపుకొనుట అందులోని కథ. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురైన తరువాత దళిత కవిత్వం ఉద్యమరూపం దాల్చింది. 1995లో వెలువడిన "చిక్కనవుతున్న పాట" సంకలనం దానికి మైలురాయి.

"ఏడు తరాలు"తో నేరుగా పోల్చదగిన తెలుగు రచన జి. కళ్యాణరావు నవల "అంటరాని వసంతం" (2000). వృద్ధురాలైన రూతు జ్ఞాపకాల ద్వారా ఒక దళిత కుటుంబపు అనేక తరాల కథ ఇందులో సాగుతుంది. వీధినాటకం, పాట, కరవు, క్రైస్తవంలో ప్రవేశం, భూపోరాటం ఇందులోని ఘట్టాలు. ఇది 2010లో ఆంగ్లంలోకి అనువదింపబడింది. కాజీపేటలో పెరిగి న్యూయార్క్‌లో స్థిరపడిన సుజాత గిడ్ల 2017లో తన కుటుంబ చరిత్రను "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్" పేరిట ఆంగ్లంలో వెలువరించింది. శివసాగర్‌గా ప్రసిద్ధుడైన కవి, విప్లవకారుడు కె. జి. సత్యమూర్తి (1931-2012) ఆమె మేనమామ. ఒక తెలుగు దళిత కుటుంబపు తరాల కథ ఇట్లా హేలీ దేశంలోనే అచ్చయింది.

పోలికకు గల హద్దులు

జాతి, కులం ఒకటి కావు. అమెరికాలో వివక్షకు గుర్తు శరీరవర్ణం. కులానికి అట్టి బాహ్య చిహ్నం లేదు. ఊరు, ఇంటిపేరు, వృత్తి ద్వారా అది తెలుసుకోబడుతుంది. అమెరికా బానిసను సంతలో విలువకట్టి అమ్మేవారు. ఇక్కడ అంటరానివానిని ఊరికి ఎడంగా ఉంచి, బావికి, గుడికి దూరం చేశారు. అక్కడ యజమాని ఇంట వంట చేసినది నల్లజాతి స్త్రీయే. ఇక్కడ దళితురాలు తాకిన నీరు కూడా పనికిరాదన్నారు. అక్కడ బానిసత్వానికి ఆరంభం, అంతం తేదీలతో చెప్పవచ్చును. ఇక్కడి వ్యవస్థకు అట్టి తేదీలు లేవు.

2001లో దక్షిణాఫ్రికాలోని దర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సులో కులాన్ని చేర్చాలని దళిత సంఘాలు కోరగా, కులం జాతి కాదని భారత ప్రభుత్వం వ్యతిరేకించింది. అమెరికాకు వలస వెళ్ళిన భారతీయులలో కులవివక్ష ఉన్నదనే చర్చ తరువాత బలపడింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ విధంగా చేసిన మొదటి నగరం అదే.

భేదాలు ఎన్ని ఉన్నా, పుట్టుకను బట్టి మనిషి విలువను నిర్ణయించుట రెండింటికి సమానం. పరదేశపు అన్యాయాన్ని చదివి కంటతడి పెట్టడం సులభం, సొంత ఊరిలోని అన్యాయాన్ని గుర్తించడం కష్టం. "ఏడు తరాలు" తెలుగు పాఠకులలో అనేకులకు మొదటిదానినుండి రెండవదానికి దారి చూపింది.

విశేషాలు

* కుంటా కింటే బందీగా దిగినట్లు చెప్పబడిన అన్నాపొలిస్ రేవులో, పిల్లలకు పుస్తకం చదివి వినిపిస్తున్న అలెక్స్ హేలీ విగ్రహం ఉంది.
* గాంబియా నదిలోని జేమ్స్ దీవికి 2011లో కుంటా కింటే దీవి అని పేరు మార్చారు. ఆ దీవి, పరిసర కట్టడాలు 2003 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నవి.
* కిజ్జీ అనే పేరుకు "ఇక్కడే ఉండు" అనే భావం వచ్చేలా కుంటా ఆ పేరు పెట్టినట్లు నవలలో ఉంది. కుమార్తె అమ్ముడుపోరాదని అతని కోరిక. ఆ కోరిక నెరవేరలేదు.